తీరంలో పీసీఓటూ కొలతలు: గంటగంటకీ మారే అంకెల్లో ఆమ్లీకరణను ఎక్కడ వెతకాలి?

తార్నాక_కెమిస్ట్రీ · శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్లో ఉన్నాను. ఉండేది తార్నాకలో, ప్రాజెక్టు మాత్రం సముద్రం మీద. తూర్పు తీరంలో ఒడ్డుకు దగ్గరగా తేలే ఒక బాయ్ (లంగరు వేసి, కొలిచే పరికరాలు బిగించిన తెప్ప లాంటిది) నుంచి వచ్చిన ఏడాది డేటా చేతికిచ్చారు. పై నీటిలో కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం, అంటే పీసీఓటూ, గంటకొక అంకె. పక్కన ఉష్ణోగ్రత, లవణీయత, ఆక్సిజన్ కాలమ్‌లు. సముద్ర ఆమ్లీకరణ, అంటే కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు పీహెచ్ తగ్గడం గురించి ఈ డేటా ఏం చెబుతోందో రాయమన్నారు మా గైడ్ గారు.

గ్రాఫ్ గీసి చూస్తే ఏమీ పాలుపోలేదు. మధ్యాహ్నం దాటాక పడిపోతుంది, తెల్లవారుజామున లేస్తుంది. ఎండాకాలం ఒక తీరు, వానాకాలం ఇంకో తీరు. వరద నీళ్ళు వచ్చిన వారమైతే అది వేరే సముద్రమేమో అనిపిస్తుంది. గాలిలో పెరిగే కొద్దీ సముద్రంలోనూ ఏడాదికి 2 మైక్రోఅట్మాస్ఫియర్లకు (ఒక అట్మాస్ఫియర్ పీడనంలో పది లక్షలో వంతు ఒక మైక్రోఅట్మాస్ఫియర్) కాస్త అటూఇటూగా పెరుగుతుందని చదువుకున్నాం. ఒక్క రోజులోనే అంతకు ఎన్నో రెట్లు ఊగే చోట ఆ 2ని ఎక్కడ వెతకాలి? ఇదంతా వదిలేసి పీహెచ్ మీటరు పట్టుకెళ్ళి నేరుగా కొలుచుకుంటే నయమా? తెలిసినవాళ్ళు దారి చూపించండి.

నిజాంపేట_అలలు · శుక్రవారం రాత్రి 9:52

ఏడాది డేటాలో ఆ 2 కనపడదు. కనపడిందని రాస్తే ఎవరూ ఒప్పుకోరు కూడా. 40 బాయ్‌ల రికార్డులు ఒకచోట చేర్చి 2019లో అచ్చయిన పరిశోధన ఉంది. మనుషులు వదిలిన కార్బన్ జాడ సహజమైన ఊగిసలాటను దాటి బయటపడాలంటే నడి సముద్రంలో 8 నుంచి 15 ఏళ్ళు, తీరాల్లో 16 నుంచి 41 ఏళ్ళు కొలవాల్సి వస్తుందని వాళ్ళ లెక్క. హవాయి దగ్గర 1988 నుంచి నెలనెలా నీళ్ళు తోడి కొలుస్తున్నారు కాబట్టే అక్కడి గీత అంత స్పష్టంగా కనిపిస్తుంది. మన బంగాళాఖాతం నడిమధ్య, 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం 90 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, ఆమ్లీకరణ కోసమే పరికరాలు బిగించిన బాయ్‌ను 2013 నవంబరులో దించారు. తీరం దగ్గరైతే సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం ఇన్‌కాయిస్ కొచ్చి, విశాఖల్లో నీటి నాణ్యత కొలిచే బాయ్‌లు పెట్టింది. ఇవన్నీ ఇంకా చిన్న వయసు రికార్డులే.

కాబట్టి ప్రశ్న మార్చుకోండి. "ఇక్కడ పెరుగుతోందా" అన్నది పక్కన పెట్టి, "ఇక్కడ పీసీఓటూని ఏది ఎంత ఊపుతోంది? ముప్పై ఏళ్ళ తర్వాత ఇంకొకరు ఈ ఏడాది అంకెలను తీసి వాడుకుంటే అవి నిలబడతాయా?" అని అడగండి. రెండో సగమే అసలైన పని.

ముందుగా ఉష్ణోగ్రత. వేడెక్కిన సోడా సీసా మూత తీస్తే గ్యాసు ఎలా తన్నుకొస్తుందో తెలుసుగా. నీళ్ళలో ఉన్న కార్బన్ రవ్వంత కూడా మారకపోయినా సరే, ఒక్క డిగ్రీ వేడెక్కితే పీసీఓటూ 4.23 శాతం పెరుగుతుంది. 1993లో తకహాషి బృందం ఇచ్చిన అంకె ఇది, ఇప్పటికీ అందరూ వాడేది. 28 డిగ్రీల దగ్గర 400 ఉన్న నీరు 29కి చేరితే 417 చూపిస్తుంది. అంటే థర్మామీటరు ఒక డిగ్రీ తప్పితే ఏడెనిమిదేళ్ళ ఆమ్లీకరణ అంత తప్పు ఒక్కసారే వచ్చి పడుతుంది. అందుకే ఈ రంగంలో గ్యాసు అనలైజర్ కంటే ముందు థర్మామీటరు కాలిబ్రేషన్ కాగితం అడుగుతారు.

మీ ఏడాది సగటు ఉష్ణోగ్రత తీసుకుని ప్రతి గంట అంకెనూ ఆ ఉష్ణోగ్రతకు సర్దండి. సర్దాక కూడా మిగిలే ఊపు నీటి కలయికది, జీవులది, గాలితో ఇచ్చిపుచ్చుకునేది. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఉప్పల్_మాస్టారు · శుక్రవారం రాత్రి 10:31

నాయనా, పీహెచ్ మీటరు సంగతి నేను చెబుతాను. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయినవాణ్ణి, గాజు ఎలక్ట్రోడ్లతోనే నా ఉద్యోగమంతా గడిచింది.

పారిశ్రామిక యుగానికి ముందు సముద్రపు పై నీటి పీహెచ్ సగటున 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గరుంది. ఇప్పటికీ క్షారమే. కానీ పీహెచ్ లాగరిథమ్ కదా, ఆ 0.1 దిగిందంటే హైడ్రోజన్ అయాన్లు పాతిక నుంచి ముప్పై శాతం దాకా పెరిగినట్టు. ఇప్పుడు దిగుతున్న వేగం పదేళ్ళకు 0.02 లోపే. కాలేజీ ల్యాబులో ఉండే మీటరు రెండో దశాంశం దగ్గరే నిలకడగా ఉండదు. పైగా మనం దాన్ని సరిచూసే 4, 7, 9.2 బఫర్లు పల్చటి ద్రావణాలు. సముద్రపు నీటిలో ఉప్పు అంతకు ఎంతో ఎక్కువ. ఎలక్ట్రోడ్ అంచున పుట్టే విద్యుత్ పీడనం ఈ రెంటిలో ఒకేలా ఉండదు. మీటరు తెర మీద 8.07 అని రెండు దశాంశాలు మెరిసినా, ఆ ఏడు మీద నమ్మకం పెట్టుకోలేం.

పీహెచ్ కొలవాలనే ఉంటే రంగుతో కొలవండి. మెటా క్రెసాల్ పర్పుల్ అనే ఇండికేటర్ చుక్కలు సముద్రపు నీటిలో వేస్తే ఊదా రంగు తిరుగుతుంది. స్పెక్ట్రోఫోటోమీటర్లో 434, 578 నానోమీటర్ల దగ్గర రెండు శోషణలు చూసి వాటి నిష్పత్తి నుంచి పీహెచ్ కడతారు. నిష్పత్తి కాబట్టి రంగు ఎంత వేశామన్నది పెద్దగా బాధించదు. శుద్ధి చేసిన రంగు వాడి, నీటిని 25 డిగ్రీల దగ్గర గట్టిగా పట్టుకుంటే మూడో దశాంశం దాకా పోవచ్చు. మన ఊళ్ళో చాలా కాలేజీల్లో ఆ యంత్రం ఉంది. లేనిదల్లా ఉష్ణోగ్రత పట్టి ఉంచే సెల్ హోల్డర్.

ఇంకో మాట. సముద్రంలో కరిగిన అకర్బన కార్బన్‌లో దాదాపు 90 శాతం బైకార్బొనేట్, మిగిలినదాంట్లో చాలా భాగం కార్బొనేట్. కరిగిన గ్యాసు రూపంలో ఉండేది ఒక్క శాతం లోపు. మీ బాయ్ కొలిచేది ఆ ఒక్క శాతాన్నే. మిగతా 99 శాతం సంగతి తెలియాలంటే రెండో కొలత ఇంకొకటి ఉండాల్సిందే.

గాలికొలత · శుక్రవారం రాత్రి 11:15

పరికరాలు బాగుచేసే పని నాది, బాలానగర్‌లో. గ్యాసు అనలైజర్లు రోజూ విప్పుతుంటాను. మీ అంకె ఎలా పుట్టిందో చెబుతాను, గ్రాఫ్ చదవడానికి పనికొస్తుంది.

నీళ్ళలో గ్యాసును నేరుగా ఎవరూ కొలవరు. ఓడ మీదైతే సముద్రపు నీటిని ఆగకుండా ఒక మూసిన పాత్రలోకి షవర్ లాగా చిమ్ముతారు. పైన ఉన్న కొద్దిపాటి గాలి ఆ నీటితో సమతుల్యానికి వస్తుంది. ఆ గాలిని ఆరబెట్టి ఇన్‌ఫ్రారెడ్ అనలైజర్లోకి పంపుతారు. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రాన్ల దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా పీల్చుకుంటుంది, ఎంత వెలుతురు తగ్గిందో చూసి లెక్క. బాయ్‌ల మీద కొన్నిటికి ఇదే పద్ధతి చిన్న రూపంలో ఉంటుంది, కొన్నిటికి నీరు రానివ్వకుండా గ్యాసును మాత్రమే వదిలే పలుచటి పొర ఉంటుంది.

మీరు తప్పకుండా చూడాల్సినవి.

అనలైజర్ ఇచ్చేది ఆరబెట్టిన గాలిలో ఎన్ని పీపీఎం అన్నది. దాన్ని పీడనంగా మార్చాలంటే వాతావరణ పీడనంలోంచి నీటి ఆవిరి వాటా తీసేసి గుణించాలి. మన సముద్రం మీద 29 డిగ్రీల దగ్గర ఆవిరి వాటా సుమారు 4 శాతం. గాలిలో 420 పీపీఎం ఉంటే పాక్షిక పీడనం 403 దగ్గరే ఉంటుంది. ఒక కాలమ్ ఆరుగాలి పీపీఎంలోనూ, ఇంకో కాలమ్ మైక్రోఅట్మాస్ఫియర్లలోనూ ఉంటే, రెంటినీ పక్కపక్కన పెట్టి "సముద్రం గాలి నుంచి పీల్చుకుంటోంది" అని రాసేవాళ్ళున్నారు. ఫైల్ మొదటి వరుసల్లో యూనిట్లు చూడండి.

రెండోది డ్రిఫ్ట్, అంటే రోజులు గడిచేకొద్దీ అంకె మెల్లగా పక్కకు జారిపోవడం. అనలైజర్లో దీపం పాతబడుతుంది, అద్దం మసకబారుతుంది. అందుకే సున్నా గ్యాసు, అంకె తెలిసిన గ్యాసు అప్పుడప్పుడు లోపలికి పంపి సరిచూసుకోవాలి. ఆ సిలిండర్ల అంకె అంతర్జాతీయ కొలమానంతో ముడిపడి ఉండాలి. మీ బాయ్‌కి అలా సరిచూసిన తేదీలు ఇచ్చారా?

మూడోది నాచు, బార్నకిల్స్. బాగుచేయమని తెచ్చిన ఒక సెన్సర్‌ను చూశాను. పొర మీద ఆకుపచ్చ జిగురు, దాని మీద చిన్న చిన్న సున్నపు గుల్లలు వరుసగా. రాగి జాలీ చుట్టూ శుభ్రంగానే ఉంది, జాలీ లేని అంచున మాత్రం గోరు దూర్చే సందు లేదు. ఆ జిగురులో బతికే జీవులు రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, పగలు పీల్చుకుంటాయి. సెన్సర్ అప్పుడు సముద్రాన్ని వదిలేసి తన ఒంటి మీది నాచును కొలుస్తుంటుంది. మీ గ్రాఫ్‌లో పగలూ రాత్రీ తేడా వారవారానికీ పెరుగుతూ పోయి, ఒక రోజు ఉన్నట్టుండి తగ్గిపోతే, ఆ రోజు ఎవరో వెళ్ళి బ్రష్షుతో రుద్దినట్టే.

తార్నాక_కెమిస్ట్రీ · శనివారం ఉదయం 7:40

గాలికొలత గారూ, రాత్రే కూర్చుని చూశాను. అచ్చం మీరు చెప్పినట్టే రెండు చోట్ల ఉంది. తేడా పెరుగుతూ వచ్చి గబుక్కున చిన్నదయింది. శుభ్రం చేసిన తేదీల లాగ్ ఫైల్ కావాలని అడిగాను. ఆ భాగాలను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

మాస్టారూ, రెండో కొలతగా పీహెచ్ తీసుకోమంటారా? సముద్రపు నీటి కార్బన్ లెక్కలు కట్టే సీఓటూసిస్ ప్రోగ్రాంలో పీసీఓటూ, పీహెచ్, ఆల్కలినిటీ, మొత్తం కార్బన్‌లలో ఏ రెండు ఇచ్చినా మిగతావి వస్తాయని చదివాను.

ఉప్పల్_మాస్టారు · శనివారం ఉదయం 8:25

ఏ రెండు ఇచ్చినా వస్తాయి. కానీ పీసీఓటూ, పీహెచ్ జంట మాత్రం వద్దు. ఆ రెండూ కలిసి నడుస్తాయి, ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతుంది. రెండూ ఒకే సంగతిని చెబుతున్నప్పుడు మూడో సంగతి ఎక్కడి నుంచి వస్తుంది? కొలతలో చిన్న పొరపాటు జరిగినా బయటికొచ్చే మొత్తం కార్బన్, కార్బొనేట్ అంకెలు ఎటో పోతాయి.

మీరు టోటల్ ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తటస్థం చేసే నీటి శక్తి మొత్తం, కొలవండి. దానికి ఒక గొప్ప గుణముంది: నీటిలోకి కార్బన్ డయాక్సైడ్ వచ్చినా పోయినా ఆల్కలినిటీ మారదు. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని చేయదగిన కొలత అదొక్కటే. సీసా ఇక్కడికి వచ్చేలోపు కాస్త గ్యాసు తప్పిపోయినా నష్టం లేదు. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకోండి, అందులో ముందే సముద్రానికి సరిపడా ఉప్పు కలిపి ఉంచండి. బ్యూరెట్‌తో కొద్దికొద్దిగా వదులుతూ ఎలక్ట్రోడ్ మిల్లీవోల్టులు రాసుకుని, వాటిని సరళరేఖగా మార్చి చూసే గ్రాన్ పద్ధతిలో చివరి బిందువు కట్టండి. ఇక్కడ గాజు ఎలక్ట్రోడ్ చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే మనకు కావాల్సింది మార్పు మాత్రమే. సరిచూసుకోవడానికి అమెరికాలో స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసే ప్రమాణ సముద్రజలం సీసా ఒక్కటైనా సంపాదించండి. ప్రపంచమంతా దానితోనే సరిచూసుకుంటుంది. కోవిడ్ రోజుల్లో అది దొరక్క ఎన్నో ల్యాబులు ఇబ్బంది పడ్డాయి.

సందేహం_లేనిదే · శనివారం ఉదయం 10:05

చదువుతున్నాను, బాగుంది. కానీ రెండు ప్రశ్నలు. మొదటిది, తీరంలో నీళ్ళు రోజూ ఇంత ఊగుతుంటే అక్కడి చేపలు, గుల్లలు అలవాటు పడే ఉంటాయి కదా. ఏడాదికి 2 పెరిగితే వాటికి లెక్కేమిటి? రెండోది, సముద్రం మనకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. హైదరాబాద్‌లో ఇంతమంది కూర్చుని దీని మీద తలలు పట్టుకోవడం ఎందుకు? మూసీని చూసుకుంటే చాలదా?

మూసీ_ఒడ్డు · శనివారం ఉదయం 11:20

రెండో ప్రశ్నకు నేను చెప్త. నేను అంబర్‌పేట్ల పుట్టిన, మూసీ ఒడ్డుకే పెరిగిన. మూసీని చూసుకుంటే చాలదా అన్నరు గదా. మూసీ ఏడికి పోతది? నల్గొండ జిల్లాల వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. అది నాగార్జునసాగర్‌కు దిగువన. అంటే సాగర్ కట్ట మన మురికిని ఆపదు. ఆడికెల్లి పులిచింతల, ప్రకాశం బరాజ్ దాటి హంసలదీవి దిక్కు సముద్రంల కలుస్తది. మన ఇంట్ల సబ్బు నీళ్లకు, నాలాల మురికికి ఆఖరి మజిలీ బంగాళాఖాతమే. దూరం 300 కిలోమీటర్లంటే అది మనిషికి దూరం, నీళ్లకు కాదు.

నాకు అడగాలని ఉన్నది ఒకటే. మురికిల ఉన్న సేంద్రియ పదార్థం కుళ్లితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ వస్తది. అది గూడ ఈ ఆమ్లీకరణల కలుస్తదా? గాలికెల్లి వచ్చింది ఎంత, నదికెల్లి వచ్చింది ఎంత అని ఎట్ల విడదీస్తరు?

నిజాంపేట_అలలు · శనివారం మధ్యాహ్నం 1:10

మూసీ_ఒడ్డు అన్నా, తీరంలో అసలు చిక్కుముడి అదే. నడి సముద్రంలో ఆమ్లీకరణ దాదాపుగా గాలి నుంచే. మనం గాలిలోకి వదిలే కార్బన్‌లో సుమారు నాలుగో వంతు సముద్రం మింగుతోంది. తీరంలో మాత్రం దానికి నది, మురికి, పొలాల ఎరువు, అడుగు నుంచి ఉబికి వచ్చే నీరు అన్నీ తోడవుతాయి. ఎరువుల నైట్రోజన్ వస్తే మొదట నాచు పెరిగి కార్బన్ పీల్చుకుంటుంది, పై నీటిలో పీసీఓటూ పడిపోతుంది. ఆ నాచు చచ్చి అడుగుకు దిగి కుళ్ళినప్పుడు అదంతా తిరిగి బయటికొస్తుంది. పై నీటిని మాత్రమే కొలిచే బాయ్‌కు మొదటి సగమే కనిపిస్తుంది. అయితే మూసీ మురికిలో సేంద్రియ పదార్థం చాలా భాగం దారిలోనే, బరాజ్‌ల వెనక నిలిచిన నీళ్ళలోనే కుళ్ళుతుంది. సముద్రం దాకా ఎంత చేరుతుందన్నది వరదను బట్టి మారుతుంది.

విడదీయడానికి మొదటి ఆయుధం ఆక్సిజన్ కాలమ్. పీసీఓటూ లేచినప్పుడు ఆక్సిజన్ పడితే అది జీవుల శ్వాస, కుళ్ళు. ఆక్సిజన్ కదలకుండా పీసీఓటూ ఒక్కటే కదిలితే ఉష్ణోగ్రతనో కొత్త నీటి కలయికనో అనుమానించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గాలితో సర్దుకోవడానికి పై పొర ఆక్సిజన్‌కు వారాలు చాలు. కార్బన్ డయాక్సైడ్‌కు నెలలు పడుతుంది, బైకార్బొనేట్ రూపంలో అంత నిల్వ ఉంది కాబట్టి. అందుకే పాత వరద జాడ ఆక్సిజన్‌లో చెరిగిపోయాక కూడా పీసీఓటూలో మిగిలి ఉంటుంది.

నది ప్రభావం ఎంతుంటుందో గోదావరి చెబుతుంది. విశాఖలోని ఎన్ఐఓ (జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ) ప్రాంతీయ కేంద్రం వాళ్ళు గోదావరి ముఖద్వారంలో ఏడాది పొడుగునా కొలిచారు. ధవళేశ్వరం నుంచి వరద వదిలే నెలల్లో పీసీఓటూ గాలిలో ఉన్నదానికి పదుల రెట్లు. వరద లేని నెలల్లో గాలికి దగ్గరదగ్గరగా. అదే కేంద్రం వాళ్ళు 1991 నాటి కొలతలను 2011 కొలతలతో పోల్చి చూస్తే, బంగాళాఖాతం పశ్చిమ తీరంలో దక్షిణ భాగం ప్రపంచ సగటు వేగంతోనే నడుస్తోంది, ఉత్తర భాగంలో మాత్రం పీహెచ్ అంతకంటే చాలా వేగంగా తగ్గింది. గంగా మైదానం మీదుగా గాలిలో వచ్చిపడే సల్ఫేట్, నైట్రేట్ కాలుష్యం అందుకు కారణమని వాళ్ళు చూపించారు. ఉత్తర భాగంలో నీరు మంచినీటితో పల్చబడి ఉంటుంది, దాంతో ఆల్కలినిటీ తక్కువ, తట్టుకునే శక్తీ తక్కువ.

సందేహం_లేనిదే గారి మొదటి ప్రశ్నకు కూడా ఇందులోనే జవాబుంది. ఆమ్లీకరణ సగటును మాత్రమే కదపదు. కార్బన్ నిండేకొద్దీ నీటి బఫర్ శక్తి, అంటే మార్పును తట్టుకునే శక్తి, తగ్గుతుంది. అంతే శ్వాస, అంతే కుళ్ళు జరిగినా రేపటి నీటిలో ఊపు నిన్నటి కంటే పెద్దదవుతుంది. అలవాటు పడిన ఊపే పెద్దదైపోతే, తెల్లవారుజామున ఉండే చెడ్డ గంటలు ఇంకా చెడ్డవవుతాయి. గుల్ల కట్టుకునే లార్వా చచ్చేది ఆ గంటల్లోనే. 2005 తర్వాత కొన్నేళ్ళపాటు అమెరికాలోని ఒరెగాన్, వాషింగ్టన్ తీరాల్లో ఆయిస్టర్ హేచరీల్లో పిల్ల ఆల్చిప్పలు తొట్లకు తొట్లు చచ్చిపోయాయి. అడుగు నుంచి ఉబికి వచ్చిన నీటిలో కార్బన్ ఎక్కువగా ఉందని కొలిస్తే గాని తెలియలేదు. అప్పటి నుంచి వాళ్ళు పీసీఓటూ చూసుకుంటూ, చెడ్డ నీళ్ళు వచ్చినప్పుడు సోడియం కార్బొనేట్ కలిపి నిలదొక్కుకున్నారు.

భీమిలి_హేచరీ · శనివారం సాయంత్రం 5:30

మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది, ఆ పిల్ల ఈ చర్చ నాకు పంపింది. నేను భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో టెక్నీషియన్ని. పీహెచ్, ఆల్కలినిటీ రోజూ చూస్తాం. ఏటంటే మాకు ఆల్కలినిటీ కాల్షియం కార్బొనేట్ లెక్కలో పీపీఎంలో వస్తుంది. మామూలు రోజుల్లో సముద్రం నీళ్ళు 110, 120 మధ్య ఉంటాయి. పెద్ద వాన పడి ఏరు పొంగితే తగ్గిపోతుంది, అప్పుడు లార్వా తొట్లకు నీళ్ళు తీసుకోం. మాస్టారు చెప్పే అంకె, మాది ఒకటేనా?

ఇంకొకటి. మా నీటి మోటారు ఇంటేక్ సముద్రంలోకి ఉంది. ఫిల్టరూ క్లోరినూ తగలక ముందే నీళ్ళు పట్టి ఇవ్వమంటే ఇస్తాను. మా వాళ్ళు తెల్లారగట్ల బోటు మీద వేటకు వెళ్తారు, కెరటాలు దాటాక పట్టుకు రమ్మన్నా తెస్తారు.

ఉప్పల్_మాస్టారు · శనివారం సాయంత్రం 6:15

ఒకటే బాబూ. సముద్రపు నీటిలో ఆల్కలినిటీ కిలోకు 2300 మైక్రోమోల్స్ దగ్గర ఉంటుంది. దాన్ని మీ లెక్కలోకి మారిస్తే లీటరుకు 115 మిల్లీగ్రాములకు కాస్త పైన. మీరు రోజూ రాసుకునే పుస్తకం ఈ పిల్లల ప్రాజెక్టుకు బంగారం. కిట్ చుక్కల లెక్కతో సూక్ష్మంగా తెలియదు గానీ, ఏ వానకు ఎన్ని రోజులు పడిపోయింది, మళ్ళీ ఎప్పుడు కోలుకుంది అన్నది అందులో ఉంటుంది.

లవణీయత చూసి ఆల్కలినిటీ అంచనా వేసే సూత్రాలు నడి సముద్రానికి బాగానే పనిచేస్తాయి, నదుల దగ్గర బోల్తా కొడతాయి. కృష్ణా గోదావరులు దక్కన్ నల్లరాతి నేలల మీదుగా బైకార్బొనేట్ మోసుకొస్తాయి. చిన్న ఏటి వాన నీటిలో అంత ఉండదు. ఉప్పు ఒకేలా తగ్గినా ఆల్కలినిటీ ఒకేలా తగ్గదు. అందుకే సీసా పట్టి కొలవడం తప్పదు.

నీళ్ళు పట్టే పద్ధతి జాగ్రత్త. సన్న గొట్టం సీసా అడుగుదాకా దించి, బుడగలు రాకుండా నెమ్మదిగా నింపి, ఇంకో సీసాడు నీళ్ళు పొర్లిపోనివ్వాలి. ఆల్కలినిటీకి బుడగ బాధ లేదన్నాను గానీ, చేతికి మంచి అలవాటు పడితే రేపు మొత్తం కార్బన్ కొలిచేటప్పుడు పనికొస్తుంది. సముద్రంలో ఉన్నప్పటి ఉష్ణోగ్రత అక్కడికక్కడే రాయాలి.

తార్నాక_కెమిస్ట్రీ · శనివారం రాత్రి 8:05

అన్నా, మీరు నీళ్ళు పట్టి ఇస్తానంటే ఇంతకంటే ఏం కావాలి! మా బాయ్ ఉన్న చోటు వేరే గానీ తీరం అదే. వాన ముందూ తర్వాతా ఆల్కలినిటీ ఎలా మారుతుందో మీ నీళ్ళతో చూసి, బాయ్ డేటా మీద నాకున్న అంచనా ఎంత తప్పవచ్చో లెక్కగట్టవచ్చు.

మాస్టారూ, నిల్వ చేయడానికి మెర్క్యురిక్ క్లోరైడ్ వేయమని ప్రోటోకాల్ పుస్తకంలో ఉంది. అది భీమిలికి పంపి, అక్కడి నుంచి సీసాలు తెప్పించడం ఎలా?

ఉప్పల్_మాస్టారు · శనివారం రాత్రి 8:40

వద్దు నాయనా. అది పాదరసపు విషం. మొత్తం కార్బన్ కొలిచే సీసాలను నెలల తరబడి దాచాలంటే అది తప్పదు, జీవులు బతికి ఉంటే కార్బన్ మారిపోతుంది కాబట్టి. కానీ దాన్ని హేచరీ ఆవరణలోకి తీసుకెళ్ళకూడదు, జనం ఎక్కే రైల్లో పెట్టకూడదు, వాడాక సింకులో పారబోయకూడదు. మీకు కావాల్సింది ఆల్కలినిటీ మాత్రమే. అక్కడే 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టండి, లేకపోతే నీటిలో తేలే సున్నపు రేణువులు ఆమ్లంలో కరిగి అంకె పెంచేస్తాయి. సీసా నిండుగా మూసి, చీకట్లో చల్లగా ఉంచి, నాలుగైదు రోజుల్లో టైట్రేషన్ చేసేయండి. ప్రతి దానికీ జంట సీసా ఉండాలి. రెండూ కలవకపోతే ఆ రోజు అంకె రాయొద్దు.

గాలికొలత · శనివారం రాత్రి 9:20

అంకెతో పాటు దాని చరిత్ర కూడా రాయండి. ఏ అనలైజర్, ఎప్పుడు ఏ సిలిండర్‌తో సరిచూశారు, థర్మామీటరు ఎక్కడుంది, ఎప్పుడు శుభ్రం చేశారు. సోకాట్ అని ప్రపంచం నలుమూలల పీసీఓటూ కొలతలు చేర్చే భాండాగారం ఉంది, అందులో ప్రతి డేటాకీ నాణ్యత గుర్తు వేస్తారు. చరిత్ర లేని డేటాకు అక్కడ మంచి గుర్తు రాదు.

ఇంకో మాట, మీకు ధైర్యం కోసం. సముద్ర ఆమ్లీకరణను గమనించే గోవా-ఆన్ (GOA-ON) అనే అంతర్జాతీయ బృందం కొలతల కచ్చితత్వానికి రెండు స్థాయిలు పెట్టింది. దశాబ్దాల మార్పు పట్టాలంటే పీసీఓటూ అర శాతం లోపు కచ్చితంగా ఉండాలి, 400 దగ్గర అది 2. రోజులు, రుతువుల మార్పు తెలుసుకోవాలంటే రెండున్నర శాతం చాలు, అంటే 10. మీ బాయ్ రెండో స్థాయిలో ఉంటే అది కూడా విలువైనదే, ఏ స్థాయో రిపోర్టులో రాస్తే సరి.

సందేహం_లేనిదే · శనివారం రాత్రి 9:45

చెడ్డ గంటల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకోవాల్సిన మాటే. అయితే ఇంకో ప్రశ్న వస్తోంది. ఓడల మీద శాస్త్రవేత్తలు ఎక్కువగా పగలే నీళ్ళు తోడతారు, బోటు వాళ్ళు తెల్లారగట్ల తెస్తారు. ఒకరికి ఎప్పుడూ తక్కువ, ఇంకొకరికి ఎప్పుడూ ఎక్కువ వస్తుంది కదా? పాతికేళ్ళ కింద ఒకరు మధ్యాహ్నం కొలిచి, ఇప్పుడు ఇంకొకరు తెల్లవారుజామున కొలిస్తే లేని ఆమ్లీకరణ కూడా కనిపిస్తుంది.

నిజాంపేట_అలలు · శనివారం రాత్రి 10:10

ఖచ్చితంగా. పాత, కొత్త కొలతలు పోల్చేటప్పుడు నెల మాత్రమే చూసి గంట చూడని పోలికలను నేను నమ్మను. గంటకొక అంకె ఇచ్చే బాయ్ విలువ అక్కడే ఉంది. ఈ ఏడాది రికార్డుతో ఆ తీరంలో పగలూ రాత్రీ తేడా ఏ నెలలో ఎంతో కట్టి ఇస్తే, పాత సీసా కొలతలన్నిటినీ సర్దుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. ప్రాజెక్టులో ఒక అధ్యాయం అదే పెట్టండి. ఐక్యరాజ్యసమితి సుస్థిర లక్ష్యాల్లో 14.3.1 సూచిక కింద దేశాలు సముద్రపు పీహెచ్ కొలతలు సమర్పించాలి. ఏ గంటకు కొలిచారన్నది తెలిసిన డేటాయే అక్కడ కూడా నిలబడుతుంది.

భీమిలి_హేచరీ · ఆదివారం ఉదయం 6:50

ఫిల్టరు, సిరంజి ఇక్కడ ఉన్నాయి. సీసాలు పంపించు, పార్సెల్లో వేస్తే పగులుతాయి, వచ్చే ఆదివారం మా అమ్మాయి ఇంటికి వస్తోంది, దాని చేతికివ్వు. తిరిగి పంపేటప్పుడు ఐస్ పెట్టెలో పెట్టి రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దానితోనే పంపిస్తాను. లార్వా పంపే పెట్టెలే, చల్లదనం పొద్దున్న దాకా ఆగుతుంది. నీళ్ళు తెల్లారగట్ల పట్టమంటావా, మధ్యాహ్నమా?

తార్నాక_కెమిస్ట్రీ · ఆదివారం ఉదయం 7:15

రెండు పూటలా పట్టండి అన్నా. తెల్లారగట్ల బోటు మీద కెరటాలు దాటాక ఒక జంట, మధ్యాహ్నం మూడింటికి అదే చోట ఇంకో జంట. రెండు పూటలకీ మధ్య ఆల్కలినిటీ మారకూడదు. మారితే పోటు వేరే నీళ్ళు తెచ్చినట్టు, అప్పుడు పగలూ రాత్రీ తేడా అంతా జీవులదేనని నేను రాయడానికి వీల్లేదు. పోటు, పాటు వేళలు కూడా సీసా మీద రాసి పంపండి.